మళ్ళీ ఇదే ట్రక్కు కొంటారా? టకోమా చెప్పే లెక్కలు

2019లో అమెరికాలో టయోటా టకోమా పికప్పులు 2,48,801 అమ్ముడయ్యాయి. అదే ఏడాది షెవర్లే కొలరాడో 1,22,304 దగ్గర ఆగింది. ఏడేళ్ళ విరామం తర్వాత మళ్ళీ మార్కెట్లోకి వచ్చిన ఫోర్డ్ రేంజర్ 89,571 అమ్మింది. ఈ రెండిటినీ కలిపినా 2,11,875. టకోమా ఒక్కదానికీ సరిరాలేదు.

ఇంత అమ్ముడుపోతోందంటే కొన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ కొంటున్నారని ఎవరికైనా అనిపిస్తుంది. అమ్మకాల అంకెలో మాత్రం ఆ సంగతి ఎక్కడా లేదు. ఎన్ని బండ్లు పోయాయో అది చెబుతుంది. కొన్నవాళ్ళలో పాతవాళ్ళెందరు, కొత్తవాళ్ళెందరు, వెళ్ళిపోయినవాళ్ళెందరు అన్నది చెప్పదు. దానికి వేరే లెక్కలున్నాయి. వాటిని చూసే పద్ధతి తెలియకపోతే మోసపోవడం చాలా తేలిక.

ముందు బండి గురించి రెండు మాటలు. అమెరికాలో పికప్ అంటే మొదట గుర్తొచ్చేది ఫోర్డ్ ఎఫ్-150 లాంటి భారీ బండి. ఎఫ్-సిరీస్ మొత్తం కలిపి 2019లో దాదాపు 9 లక్షలు అమ్ముడయ్యాయి. వాటికంటే ఒక మెట్టు చిన్నవి మధ్యతరహా పికప్పులు: టకోమా, కొలరాడో, దాని కవల లాంటి జీఎంసీ కాన్యన్, రేంజర్, నిస్సాన్ ఫ్రాంటియర్, జీప్ గ్లాడియేటర్, హోండా రిడ్జ్‌లైన్. మన రోడ్ల మీద కనిపించే ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ దాదాపు ఈ కొలతలవే. ముందు కారు, వెనక తొట్టి. అక్కడ సగటు మనిషి దాంట్లో ఆఫీసుకీ వెళతాడు, వారాంతంలో పడవనో ట్రైలర్‌నో లాగిస్తాడు, పిల్లల్ని స్కూల్లోనూ దింపుతాడు.

ఒకే ప్రశ్న, మూడు కొలతలు

‘మళ్ళీ ఇదే కొంటారా’ అన్న ప్రశ్నకి అమెరికాలో ప్రధానంగా మూడు చోట్ల జవాబు దొరుకుతుంది. మూడూ మూడు వేర్వేరు సంగతులు కొలుస్తాయి.

మొదటిది కన్స్యూమర్ రిపోర్ట్స్. 1936లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ, ప్రకటనలు తీసుకోదు. ఏటా తన సభ్యుల్ని సర్వే చేస్తుంది. ఇటీవలి సర్వేల్లో 3 లక్షలకి పైగా వాహనాల సమాచారం ఉంటోంది. ధర, నడక, నమ్మకం, సౌకర్యం అన్నీ కలిపి చూసుకుంటే మళ్ళీ ఇదే బండి కొంటారా అని అడుగుతారు. ‘ఖచ్చితంగా కొంటాను’ అన్నవాళ్ళ వాటాని చూసి యజమానుల సంతృప్తిని లెక్కగడతారు. ‘కొంటానేమో’ అన్నవాళ్ళు ఆ వాటాలోకి రారు. ఈ ఒక్క నియమం వల్లే అంకె చాలా మారిపోతుంది. మొహమాటానికి తలూపేవాళ్ళందరూ పక్కకి తప్పుకుంటారు కాబట్టి నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. కాకపోతే ఇది మాట మాత్రమే. డబ్బు చేతులు మారలేదు.

రెండోది జేడీ పవర్. వీళ్ళు మాటలతో పెట్టుకోరు. షోరూమ్‌లో పాత బండి ఇచ్చి కొత్తది తీసుకున్న లావాదేవీలు చూస్తారు. అయితే వాళ్ళు చూసేది కంపెనీ పేరు, మోడల్ పేరు కాదు. 2022 అధ్యయనంలో ట్రక్కుల విభాగంలో ఫోర్డ్ మొదటి స్థానంలో నిలిచింది. పాత ఫోర్డ్ ట్రక్కు ఇచ్చినవాళ్ళలో 60 శాతానికి పైగా మళ్ళీ ఫోర్డే తీసుకున్నారు. గొప్ప అంకే. కానీ ఫోర్డ్ ట్రక్కుల్లో అత్యధికం ఎఫ్-సిరీస్‌వి. రేంజర్ కొన్నవాడి అభిప్రాయం ఆ సముద్రంలో ఎక్కడో కలిసిపోయి ఉంటుంది. రేంజర్ ఇచ్చేసి ఎఫ్-150 తీసుకున్న మనిషి ఈ లెక్కలో నమ్మకస్తుడు. మధ్యతరహా ట్రక్కు మీద అతని తీర్పు మాత్రం ‘వద్దు’.

మూడోది ఎస్ అండ్ పీ గ్లోబల్ మొబిలిటీ. ఇది రిజిస్ట్రేషన్ల ఆధారంగా ఇంటిని ఒక లెక్కగా తీసుకుంటుంది. ఒక కంపెనీ బండి ఉన్న ఇల్లు మళ్ళీ కొనుగోలుకి వచ్చినప్పుడు అదే కంపెనీది తీసుకుందా లేదా అని చూస్తుంది. భర్త టకోమా అలాగే ఉంచుకున్నాడు, భార్య కోసం క్యామ్రీ కొన్నారు అనుకోండి. టయోటాకి ఒక మార్కు పడింది. ట్రక్కు గురించి ఆ ఇల్లు ఏమనుకుంటోందో మాత్రం తెలియలేదు.

ఇప్పుడు ఒక ఊహాలెక్క. ఇది ఏ సర్వేదీ కాదు, పద్ధతి అర్థం కావడానికి నేను వేసింది. వంద మంది ఒక పికప్ కొత్తగా కొన్నారనుకుందాం. ఐదేళ్ళు తిరిగేసరికి 40 మంది అమ్మేశారు, 60 మంది దగ్గర బండి ఉంది. సర్వే చేస్తే ఆ 60లో 48 మంది ‘ఖచ్చితంగా మళ్ళీ ఇదే’ అన్నారు. అంటే 80 శాతం. అమ్మేసిన 40 మందిలో అదే మోడల్ మళ్ళీ కొన్నవాళ్ళు 10 మంది. అంటే 25 శాతం. మొదటి వంద మందినీ లెక్కలోకి తీసుకుంటే, కొంటామన్న 48, కొన్న 10, మొత్తం 58 శాతం. ఎనభై, ఇరవై ఐదు, యాభై ఎనిమిది. ఏదీ అబద్ధం కాదు. కంపెనీ ప్రకటనలో ఏది కనపడుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

80కీ 25కీ మధ్య ఇంత తేడా ఎందుకంటే, సర్వే అడిగేది బండి ఇంకా చేతిలో ఉన్నవాళ్ళని. నచ్చనివాళ్ళు అప్పటికే వదిలించుకున్నారు. బంతిలో కూర్చుని తింటున్నవాళ్ళని వంట ఎలా ఉందని అడిగి, మధ్యలో లేచిపోయినవాళ్ళని వదిలేయడం లాంటిదిది. పైగా కొన్న మొదటి సంవత్సరం ఎవరూ తమ కొనుగోలును తిట్టుకోరు. నలభై వేల డాలర్లు పోసిన మనిషి తను తప్పు చేశానని ఒప్పుకోవడానికి కొంత కాలం పడుతుంది.

కొందామన్నా దొరకని రోజులు

మళ్ళీ అదే కొనాలంటే అది మార్కెట్లో ఉండాలి. ఇది చాలామంది మర్చిపోయే సంగతి. ఫోర్డ్ రేంజర్ 1999లో అమెరికాలో 3,48,358 అమ్ముడైంది. 2010కి 55,364కి పడిపోయింది. 2011 డిసెంబరులో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ ఫ్యాక్టరీ మూసేశారు. రేంజర్ మళ్ళీ వచ్చింది 2019లో, మిషిగన్ ఫ్యాక్టరీ నుంచి. ఆ మధ్యకాలంలో రేంజర్ అంటే ప్రాణం పెట్టేవాడైనా కొత్త రేంజర్ కొనలేడు. కంపెనీయే అతన్ని వదిలేసింది. డాడ్జ్ డకోటా కూడా 2011తో ఆగిపోయింది. కొలరాడో 2012 తర్వాత కొంతకాలం అమెరికాలో కనిపించలేదు, 2015 మోడల్‌గా తిరిగొచ్చింది.

ఇప్పుడు టకోమా అమ్మకాలు చూడండి. 2011లో 1,10,705. 2012లో 1,41,365. ఒక్క ఏడాదిలో దాదాపు 28 శాతం పెరుగుదల. ఇదంతా టకోమా యజమానుల భక్తి అనుకుంటే పొరపాటు. 2011లో జపాన్ భూకంపం టయోటా సరఫరాని దెబ్బతీసింది, మరుసటేడు అది కోలుకుంది. దానికి తోడు పక్క దుకాణాలు మూతపడ్డాయి. వేరే దిక్కులేక వచ్చినవాళ్ళూ ఆ వరసలో ఉన్నారు.

ఈ దిక్కులేనితనానికి ఇంకో పాత కారణం ఉంది, అది కోళ్ళ దగ్గర మొదలైంది. 1960ల ఆరంభంలో పశ్చిమ యూరప్ దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. దానికి ప్రతిగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొన్ని దిగుమతుల మీద సుంకం వేశారు. అందులో తేలిక ట్రక్కుల మీద 25 శాతం. బంగాళాదుంప పిండి, బ్రాందీ లాంటి మిగతా సరుకుల మీది సుంకాలు పోయాయి, ట్రక్కులది మిగిలిపోయింది. అందుకే ప్రపంచమంతా తిరిగే హైలక్స్ అమెరికా షోరూముల్లో ఉండదు. అక్కడి కోసం టయోటా 1995లో టకోమా తెచ్చి, ఉత్తర అమెరికాలోనే తయారు చేస్తోంది. ఇప్పుడు అవి మెక్సికో ఫ్యాక్టరీల నుంచి వస్తున్నాయి. అరడజను బండ్లే ఉన్న చోట ‘మళ్ళీ ఇదే’ అనడానికీ, యాభై ఉన్న చోట అనడానికీ తేడా ఉంది.

తుప్పు పట్టినా వదల్లేదు

టకోమా కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది దాని చట్రం, మెకానిక్కులు ఛాసిస్ అంటారే, అది. 1995 నుంచి 2000 దాకా వచ్చిన టకోమాల ఛాసిస్‌లు అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో విపరీతంగా తుప్పు పట్టాయి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు ఇనుమును తినేస్తుంది. 2008లో టయోటా ఆ బండ్లకి తుప్పు వారంటీని 15 ఏళ్ళకి పెంచింది. బాగా దెబ్బతిన్నవాటిని తనే వెనక్కి కొంటానంది, అదీ కెల్లీ బ్లూ బుక్ చూపే పాతబండి ధరకి ఒకటిన్నర రెట్లు ఇచ్చి. పదేళ్ళు వాడి, తుప్పు పట్టించి, మార్కెట్ ధర కంటే ఎక్కువకి అమ్ముకున్నవాళ్ళు ఉన్నారన్నమాట. ఆ చెక్కుతో కొందరు మళ్ళీ టకోమానే తెచ్చుకున్నారంటే నేను ఆశ్చర్యపోను.

కథ అక్కడితో అయిపోలేదు. తర్వాతి తరం బండ్లలోనూ అదే గొడవ వచ్చింది. 2016 నవంబరులో కోర్టు బయట ఒక ఒప్పందం కుదిరింది. 2005 నుంచి 2010 దాకా వచ్చిన టకోమాలు, వాటితోపాటు టయోటావే కొన్ని టండ్రాలు, సెక్వోయాలు కలిపి దాదాపు 15 లక్షల వాహనాలు. తనిఖీ చేసి, 10 మిల్లీమీటర్లు లేదా అంతకంటే పెద్ద చిల్లు పడితే ఛాసిస్ మార్చి ఇవ్వాలి. ఒక్కో ఛాసిస్ మార్పు విలువ 15 వేల డాలర్ల దాకా, తనిఖీకి 60 డాలర్లు అని అంచనా వేశారు. మొత్తం 340 కోట్ల డాలర్ల దాకా పోవచ్చన్నారు.

బండికి ఎముకలగూడు ఛాసిసే. అది చిల్లులు పడిందని కోర్టుకెక్కిన బండి పేరు మార్కెట్లో మసకబారాలి. జరిగింది వేరు. 2015లో 1,79,562 ఉన్న అమ్మకాలు 2018కి 2,45,659కి, 2021కి 2,52,520కి చేరాయి. తప్పు జరిగినా సరిచేసిన కంపెనీని అక్కడి జనం తొందరగా వదలరని నా అభిప్రాయం. అసలు తప్పే జరగకపోతే ఇంకా బాగుండేదన్నది వేరే మాట.

అలాగని ఈ యజమానులు ఫిర్యాదులు చేయనివాళ్ళు కాదు. 2016 మోడల్‌గా వచ్చిన మూడో తరం టకోమా మీద ఎన్ని విసుర్లో. ఆరు గేర్ల ఆటోమేటిక్ కొండ ఎక్కేటప్పుడు ఏ గేరులో ఉండాలో తేల్చుకోలేక పైకీ కిందకీ మారుతూనే ఉంటుందని ఒకటి. డ్రైవర్ సీటు ఎత్తు మార్చుకునే వీలు లేదని ఇంకొకటి. పొడుగువాళ్ళు మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి. కరెంటు సీటు 2020 మోడల్లో గానీ రాలేదు. ఇక మైలేజీ అంటారా, ఫోర్‌వీల్ డ్రైవ్ వీ6 బండికి ప్రభుత్వ లెక్క ప్రకారం గ్యాలన్‌కి 20 మైళ్ళు, మన లెక్కలో లీటరుకి ఎనిమిదిన్నర కిలోమీటర్లు. ఇన్ని గొణుగుడుల మధ్యే అమ్మకాలు పెరిగాయి. బండిని తిట్టడమూ, మళ్ళీ అదే కొనడమూ ఒకే మనిషి చేయగల పనులే.

అసలు రహస్యం పాత ధరలో ఉంది

నన్నడిగితే టకోమా యజమాని మళ్ళీ అదే షోరూమ్‌కి వెళ్ళడానికి పెద్ద కారణం ప్రేమ కాదు, రీసేల్. పాత కార్ల ధరలు లెక్కగట్టే ఐసీకార్స్ సంస్థ 2023లో ఇచ్చిన అంచనాలో ఐదేళ్ళ వయసున్న బండి సగటున 38.8 శాతం విలువ కోల్పోతుంది. టకోమా సుమారు 20 శాతమే.

దీన్ని డబ్బుల్లోకి మార్చి చూద్దాం. 40 వేల డాలర్ల బండి సగటు లెక్కన ఐదేళ్ళలో 15,520 డాలర్లు పోగొట్టుకుంటుంది. టకోమా లెక్కన 8 వేలు. తేడా 7,520 డాలర్లు, ఏడాదికి పదిహేను వందలు. గేర్లు తడబడినా, సీటు కిందకున్నా సర్దుకుపోవడానికి యజమానికి ఏటా పదిహేను వందల డాలర్లు ముడుతున్నట్టే.

ఈ లెక్కకి రెండో వైపు కూడా ఉంది. విలువ నిలబడే బండిని వదిలేయడమూ తేలికే, నష్టం తక్కువ కాబట్టి. విలువ పడిపోయిన బండి యజమాని అప్పు తీరేదాకా దాన్నే పట్టుకు వేలాడతాడు. అతన్ని చూసి నమ్మకస్తుడనుకుంటే తప్పు, ఇరుక్కుపోయాడంతే. కాబట్టి టకోమా యజమాని తిరిగి వస్తే ఆ రాకకి కొంచెం ఎక్కువ విలువ ఇవ్వచ్చు. తలుపు తెరిచే ఉన్నా ఉండిపోయిన మనిషి అతను.

మన్నిక సంగతికొస్తే ఇంకో విచిత్రం. అదే ఐసీకార్స్ 2022లో ఏ మోడల్ ఎంత దూరం పరుగెత్తగలదో లెక్క వేసింది. ఆ మోడల్లో అన్నిటికంటే ఎక్కువ తిరిగిన 1 శాతం బండ్లు కనీసం ఎంత తిరిగాయో చూసే పద్ధతి అది. టకోమాకి 2,35,070 మైళ్ళు, అంటే దాదాపు 3,78,000 కిలోమీటర్లు. హోండా రిడ్జ్‌లైన్‌కి 2,48,669 మైళ్ళు, 4 లక్షల కిలోమీటర్లు. రిడ్జ్‌లైన్‌కి విడిగా ఛాసిస్ ఉండదు, కారులాగే ఒకే ఒళ్ళు. అందుకే చాలామంది అమెరికన్లు దాన్ని అసలు ట్రక్కే కాదంటారు. అది టకోమా కంటే ఎక్కువ దూరం పోయింది. అమ్మకాలు చూస్తే 2023లో రిడ్జ్‌లైన్ 52 వేలు, టకోమా 2,34,768. మన్నికే కొలమానమైతే ఈ అంకెలు ఇలా ఉండవు.

‘ఇదే’ అంటే ఏది?

2024లో టకోమా నాలుగో తరం వచ్చింది. 3.5 లీటర్ల వీ6 ఇంజన్ పోయింది. దాని స్థానంలో 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో. ఎక్కువ రకాల్లో శక్తి అదే 278 హార్స్‌పవర్, లాగుడు బలం మాత్రం 265 నుంచి 317 పౌండ్-అడుగులకి పెరిగింది. హైబ్రిడ్ రకానికి 326 హార్స్‌పవర్. మొదటి ధర 31,500 డాలర్లు. పై అంచున ఉన్న టీఆర్‌డీ ప్రో ధర 63 వేలు దాటింది. రెండిటికీ పేరు ఒక్కటే, ధర రెట్టింపు.

కాబట్టి వీ6 టకోమా నడిపిన మనిషిని మళ్ళీ ఇదే కొంటావా అని అడిగితే అతను అవునన్నా కొనలేడు. ఆ బండి లేదు. కొలరాడో కూడా 2023 నుంచి వీ6 తీసేసి ఒక్క 2.7 లీటర్ల టర్బోతో సరిపెట్టింది. టర్బో లేని వీ6 కావాలంటే ఫ్రాంటియర్‌కో, రిడ్జ్‌లైన్‌కో, గ్లాడియేటర్‌కో పోవాలి. పాత రుచి కోసం నిస్సాన్‌కి వెళ్ళినవాడు టయోటా లెక్కలో జారిపోయిన కస్టమర్. తన రుచిని మాత్రం అతను మార్చుకోలేదు.

2024లో టకోమా అమ్మకాలు 1,92,813కి తగ్గాయి. ముందటేడాదితో పోలిస్తే దాదాపు 18 శాతం తక్కువ. పాతవాళ్ళు ముఖం చాటేశారని కొందరు రాశారు. నేనైతే అంత తొందరపడను. పాత మోడల్ ఆపి కొత్తది ఎత్తుకునేటప్పుడు ఫ్యాక్టరీ నెమ్మదిస్తుంది, షోరూముల్లో సరుకుండదు. లేని బండిని కొనలేదని ఎవరినీ నిందించలేం. పాత తరం మీద కూడా అదే సమయానికి ఒక మచ్చ పడింది. 2022, 2023 మోడళ్ళలో వెనక ఇరుసు నట్లు వదులయ్యే ప్రమాదం ఉందని 2024 ఫిబ్రవరిలో 3,81,000 టకోమాలని టయోటా రీకాల్ చేసింది.

మన దగ్గర ఈ లెక్క ఇంకా చిన్నది, ఇంకా పదునైనది. ఇసుజు 2016లో తిరుపతి దగ్గరి శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచి అక్కడి నుంచే వీ-క్రాస్ తెచ్చింది. టయోటా హైలక్స్ 2022 మార్చిలో 33.99 లక్షలకి మొదలైంది. ఏడాది తిరగకముందే మొదటి రకం ధర 30.40 లక్షలకి తగ్గించారు. ముందు కొన్నవాడికి బండి నడపకుండానే 3.59 లక్షలు పోయాయి. ఆ మనిషి దగ్గరికి సర్వేవాళ్ళు వెళ్ళి ‘మళ్ళీ కొంటారా’ అని అడిగితే, ఇంజను ఎంత బాగున్నా ఏం జవాబొస్తుందో ఊహించుకోవచ్చు.

టెక్సస్‌లోనో ఒహాయోలోనో ఉండి పాత టకోమా చూస్తున్న తెలుగువాళ్ళకి ఒక మాట. యజమానులు ఎంత శాతం మెచ్చుకున్నారన్నది పక్కన పెట్టి బండి కిందకి వంగి చూడండి. ఉప్పు రోడ్ల రాష్ట్రం నుంచి వచ్చిందేమో అడగండి. ఛాసిస్ మార్చారా, ఎప్పుడు మార్చారు, కాగితం ఉందా చూడండి. బండి గుర్తింపు సంఖ్యను ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో పెడితే పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందో ఉచితంగా తెలుస్తుంది.

ఇక కొత్త తరం టకోమా సంగతి. అమెరికా రోడ్ల మీది వాహనాల సగటు వయసు 2024లో 12.6 ఏళ్ళు. ఆ ఏడాది 31 వేలో 63 వేలో పోసి కొన్నవాళ్ళలో చాలామంది ఈ దశాబ్దం ముగిసేదాకా మళ్ళీ షోరూమ్ గడప తొక్కరు. ఈలోగా వాళ్ళ తరఫున ఎవరు ఎంత శాతం చూపించినా, అది కొనుగోలు లెక్క కాదు, కోరికల లెక్క అనే చదవండి.